మూడో 500 మీటర్లలో మనసుకు ఏం పని ఇవ్వాలి?

మీ అమ్మాయికి 16 ఏళ్లు, రెండేళ్లుగా హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ చేస్తోంది, సింగిల్ స్కల్ (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే బోటు) నడుపుతోంది, ప్రాక్టీసులో టైమింగులు బాగున్నాయి, ఎర్గ్ (రోయింగ్ మెషిన్) మీద తోటి పిల్లల కంటే ముందే ఉంటోంది అని రాశారు. పోటీ రోజున మాత్రం స్టార్ట్ దగ్గరే చేతులు వణుకుతాయి, సగం దూరం దాటాక డీలా పడిపోతుంది అన్నారు. తొమ్మిది వారాల్లో రాష్ట్ర జట్టు ఎంపిక ఉంది, ఆమెకు ధైర్యం ఎలా చెప్పాలి అని అడిగారు. నేను పన్నెండేళ్లు రేసులు చేశాను, పధ్నాలుగేళ్లుగా జూనియర్లకు నేర్పుతున్నాను. ఆ అనుభవంతో చెప్తాను. కాస్త పెద్ద సమాధానమే అవుతుంది.

ముందు ఆ ధైర్యం చెప్పడం ఆపేయండి. మీ ఉద్దేశం మంచిదే, తెలుసు. కానీ "భయపడకు, నువ్వే గెలుస్తావు" అన్న మాట ఆ వయసు పిల్ల నెత్తిన రెండు బరువులు పెడుతుంది. భయపడటం తప్పేమో అన్నది ఒకటి. గెలవకపోతే నాన్న మాట పోతుందేమో అన్నది రెండోది. స్టార్ట్ లైను దగ్గర మనసుకు ధైర్యం కంటే పని ఎక్కువ అవసరం. చేతినిండా పని ఉన్నప్పుడు భయపడే తీరిక ఉండదు. ఆ పని ఏమిటో ముందే తేల్చుకుని, రోజూ నీళ్ల మీద చేసి చేసి అలవాటు చేసుకోవాలి. మానసిక శిక్షణ అని పెద్ద పేరు పెట్టుకున్నా నేను పిల్లలతో చేయించేది ఇదే.

రోయింగ్‌లో మనం గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాం. ముందున్న బోటులోని వాళ్లకు వెనకబడ్డవాళ్లంతా కనిపిస్తుంటారు. వెనకబడ్డ పిల్లకు ఎవరూ కనిపించరు, ముందు వెళ్లినవాళ్లు వదిలిన అలలు తప్ప. తాను ఎంత వెనక ఉందో ఆమెకు తెలియదు. తెలియని చోట మనసు ఎప్పుడూ ఎక్కువే ఊహించుకుంటుంది. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి ఒకసారి రేసు అయ్యాక గట్టెక్కి, "అందరూ వెళ్లిపోయారనుకున్నా సార్, అందుకే వదిలేశా" అంది. వీడియో తీసి చూస్తే 1100 మీటర్ల దగ్గర ఆమె మూడో స్థానంలో ఉంది. రెండో బోటుకూ ఆమెకూ మధ్య ఒక బోటు పొడవు కూడా లేదు. సింగిల్ పొడవు 8 మీటర్ల చిల్లర. ఆ కాస్త దూరానికి ఆమె రేసు వదిలేసింది. అలసట నిజమే, అందరికీ ఉంటుంది. ఆమెను ఆపింది మాత్రం వెనక్కి తిరిగి చూడలేని చోట కట్టుకున్న ఊహ.

మీ అమ్మాయి కూడా అక్కడే డీలా పడుతోంది. 1000 నుంచి 1500 వరకు, అంటే 2000 మీటర్ల రేసులో మూడో 500. ఎవరినడిగినా అదే గడ్డు ముక్క అంటారు. మొదటి 500 స్టార్ట్ ఊపులో వెళ్లిపోతుంది. రెండో 500లో లయ దొరుకుతుంది. ఆఖరి 500లో గట్టు మీద కేకలు వినిపిస్తాయి, 250 మీటర్లు మిగిలాక లేన్ల మధ్య తేలే బోయ్‌ల రంగు మారుతుంది, ఒంట్లో ఎక్కడో దాగిన శక్తి బయటికొస్తుంది. మూడో 500కి ఇవేవీ లేవు. తొడలు మండుతుంటాయి, ఊపిరి అందదు, ముగింపు ఇంకా దూరమే.

ఆమె మనసు బలహీనం అని ముద్ర వేసేముందు స్ప్లిట్లు (ఒక్కో 500 మీటర్లకు పట్టిన సమయాలు) చూడండి. నా అనుభవంలో మూడో 500లో కూలిపోయే పిల్లల్లో సగం మంది తప్పు మొదటి 500లోనే ఉంటుంది. 2:05 స్ప్లిట్ చివరిదాకా నిలపగలిగిన పిల్ల, కంగారులో మొదటి 500ని 1:55కి లాగేస్తే ఆ అప్పు తర్వాత వడ్డీతో సహా కట్టాలి. టెన్షన్ వల్ల స్టార్ట్‌లో రేటు (నిమిషానికి వేసే స్ట్రోకుల లెక్క) పెరిగిపోతుంది, తగ్గించడం గుర్తుండదు. అప్పుడు 1100 దగ్గర ఒళ్లు మొరాయిస్తే అది పిరికితనం ఎలా అవుతుంది? లెక్క తప్పింది, అంతే. కోచ్‌ను అడిగి గత మూడు రేసుల 500 స్ప్లిట్లు తీసుకోండి. మొదటిదానికీ మూడోదానికీ తేడా బాగా ఎక్కువగా ఉంటే ముందు సరిచేయాల్సింది స్టార్ట్ తర్వాత లయలోకి దిగే చోటు. పది స్ట్రోకులో పదిహేను స్ట్రోకులో కోచ్ చెప్పినన్ని కాగానే రేటు దించాలి. దానికీ ఒక మాట పెట్టుకోమనండి. మా పిల్లలు లోపల "దిగు" అనుకుంటారు.

ఇక ఆ గడ్డు ముక్కకు ఇచ్చే పని చెప్తాను. ఆమె రేటులో 500 మీటర్లకు 60, 65 స్ట్రోకులు పడతాయి. వాటిని మూడు ఇరవైలుగా విడదీయండి. మొదటి ఇరవైలో కాళ్ల మీదే ధ్యాస, మాట "తొక్కు". రెండో ఇరవైలో క్యాచ్ మీద, అంటే తెడ్డు నీళ్లలో పడీ పడగానే బరువు అందుకోవాలి, మాట "పట్టు". మూడో ఇరవైలో పొడవు మీద, మాట "చాపు". ఒళ్లు అలిసిపోగానే మొదట చేసేది స్ట్రోకును పొట్టి చేయడం, అది కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదు. అందుకే మూడో ఇరవై దానికి కేటాయించాను. మిగిలిన నాలుగైదు స్ట్రోకులు పోయేసరికి 1500 బోర్డు పక్కన ఉంటుంది. ఈ మాటలు తెలుగులోనే ఉండనివ్వండి. క్యాచ్, డ్రైవ్ అని మేమంతా రోజంతా అంటుంటాం, కానీ ఊపిరాడని చోట పిల్లల నోటికి వచ్చేది అమ్మ భాషే అని చాలాసార్లు గమనించాను. నా మాటలే పెట్టుకోవాలని లేదు, ఆమె మాటలు ఆమెనే ఎంచుకోనివ్వండి. స్నేహితురాళ్లతో వాడే మాటైనా సరే.

రేసు రోజు గుర్తు చేసుకుంటే ఇవేవీ పనిచేయవు. ముందు ఎర్గ్ మీద మొదలుపెట్టాలి. నేను చేయించే పద్ధతి ఇది. 500 మీటర్ల ముక్కలు నాలుగు, మధ్య మధ్య విశ్రాంతి. మూడో ముక్కకు మానిటర్ మీద టవల్ కప్పేస్తాను.

పోయిన ఏడాది ఒక అమ్మాయితో జరిగింది చెప్తాను. మొదటి రెండు ముక్కల్లో ఆమె కళ్లు ప్రతి స్ట్రోకుకూ మానిటర్ మీదికి పోతున్నాయి. 2:06 కనిపిస్తే పర్లేదు. 2:08 కనిపించగానే గడ్డం పైకి లేస్తుంది, భుజాలు చెవుల దాకా వస్తాయి, తర్వాతి స్ట్రోకు 2:09. అంకెను చూసి బెదురుతోంది, బెదురుతోంది కాబట్టి అంకె ఇంకా చెడుతోంది. మూడో ముక్కకు టవల్ కప్పి, "లెక్కపెట్టు, ఇంకేం వద్దు" అన్నాను. మొదటి పది స్ట్రోకులూ కళ్లు టవల్ మీదే. తర్వాత పెదాలు కదలడం మొదలైంది. తొక్కు, తొక్కు. గొలుసు చప్పుడు ఒక లయలో పడింది. భుజాలు దిగాయి. అయిపోయాక టవల్ తీస్తే సగటు 2:06. ఆమె ఏమీ అనలేదు. టవల్ వైపు ఒకసారి చూసి, నీళ్లు తాగి, "ఇంకోటి చేద్దామా సార్" అంది.

2000 మీటర్ల ఎర్గ్ టెస్టు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొందరు తల్లిదండ్రులు ఇంట్లో మెషిన్ కొనిపెట్టి వారం వారం టెస్టు పెడుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నెలకో, నెలన్నరకో ఒకసారి చాలు, అదీ కోచ్ సమక్షంలో. వారం వారం పరీక్ష పెడితే పిల్లకు ఆ మెషిన్ చూస్తేనే కడుపులో తిప్పుతుంది.

ఇప్పుడు స్టార్ట్ సంగతి. రెండు నిమిషాలు అని ప్రకటిస్తారు, పేర్లు పిలుస్తారు, అటెన్షన్ అంటారు, ఎర్రలైటు, ఆ తర్వాత పచ్చలైటు. లైట్లు లేనిచోట ఎర్రజెండా. తొందరపడి ముందే కదిలితే ఎల్లో కార్డు, రెండోసారి కదిలితే రేసు నుంచి బయటికి. పిల్లల మనసులో ఈ కార్డు భయం చాలా ఉంటుంది, పైకి చెప్పరు. మొదటి 100 మీటర్లలో బోటుకో తెడ్డుకో ఏదైనా విరిగితే చెయ్యెత్తి చూపించవచ్చని, అప్పుడు రేసు ఆపుతారని కూడా చాలామందికి తెలియదు. నియమాలు ఆమెతో కూర్చుని ఒకసారి చదివించండి. తెలిసిన విషయానికి భయం తగ్గుతుంది.

చేతుల వణుకు గురించి. వణుకు ఆపే ప్రయత్నం చేయవద్దనండి. గుండె వేగం, ఆవులింతలు, పదేపదే బాత్రూమ్‌కు వెళ్లాలనిపించడం, ఇవన్నీ ఒళ్లు రేసుకు తయారవుతున్న గుర్తులు. బాగా ఆడే పెద్దవాళ్లకూ ఉంటాయి. ఆ రెండు నిమిషాల్లో ఆమె చేయాల్సిన పని ఇలా పెట్టుకోవచ్చు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఏడు లెక్కపెడుతూ వదలడం, మూడుసార్లు. తర్వాత పిడి మీద వేళ్లు ఒక్కొక్కటిగా వదులు చేయడం. భయంలో పిడిని పిడికిలి బిగించి పట్టుకుంటారు, ముంజేతులు అక్కడే అలిసిపోతాయి. కళ్లు పక్క లేన్ల మీదికి పోకుండా తన బోటు స్టెర్న్ (వెనక కొస) చివర ఒక చుక్క మీద నిలపడం. నేను అక్కడ చిన్న రంగు టేపు ముక్క అతికించమంటాను. అటెన్షన్ వినగానే లోపల ఒకటే పాఠం, మొదటి నాలుగు స్ట్రోకుల పొడవు. ముప్పావు, అర, ముప్పావు, నిండు. మీ కోచ్ వేరేలా నేర్పి ఉంటే అదే. ప్రాక్టీసులో ప్రతి ముక్కనూ ఇలాగే మొదలుపెట్టాలి, ఊరికే లాగి పారేయకూడదు. తొమ్మిది వారాల్లో ఇది రెండు మూడు వందల సార్లు అవుతుంది. అప్పుడు రేసు రోజు ఆ రెండు నిమిషాలు కొత్తగా అనిపించవు.

ఇంకో విషయం ఆరా తీయండి. ఆమెకు ఈత బాగా వచ్చా? బోటు తిరగబడితే మళ్లీ ఎక్కడం ఎప్పుడైనా ప్రాక్టీసు చేసిందా? హుస్సేన్ సాగర్‌లో గాలి లేస్తే నీళ్లు ఎలా ఉంటాయో మీకూ తెలుసు. సింగిల్ చాలా సన్నటి బోటు. లోపల ఎక్కడో పడిపోతానన్న భయం ఉన్న పిల్ల కాళ్లతో పూర్తిగా తొక్కదు, జాగ్రత్త పడుతుంది. దాన్ని మనం పోటీ టెన్షన్ అనుకుంటాం. నా దగ్గరికి వచ్చిన కొందరికి కావాల్సింది మాటలు కాదు, ఈత కొలనులో రెండు ఆదివారాలు బోటు తిప్పి ఎక్కించడం. అలలున్న రోజున కూడా సేఫ్టీ లాంచ్ (కాపాడేందుకు వెంట వచ్చే మోటారు బోటు) తోడుగా కాసేపు నడపనివ్వమని కోచ్‌ను అడగండి.

ఊహలో రేసు చేయడం గురించి మీరు ఎక్కడో చదివానన్నారు. పనిచేస్తుంది, కానీ చాలామంది పతకం మెడలో వేసుకోవడం ఊహించుకుంటారు. దానివల్ల ఆ కాసేపు హాయిగా ఉంటుంది తప్ప రేసుకు ఉపయోగం లేదు. రాత్రి కుర్చీలో రోయింగ్ భంగిమలో కూర్చుని, స్టాప్‌వాచ్ నొక్కి, కళ్లు మూసుకుని రేసంతా నడపాలి. ఆమె రేసు ఎనిమిదిన్నర నిమిషాలైతే ఊహలోనూ సుమారు అంతే పట్టాలి. నాలుగు నిమిషాలకే ముగిసిందంటే మధ్యలో ఎక్కడో దాటేసింది. దాటేసేది చాలాసార్లు ఆ మూడో 500నే. వారానికి మూడు రాత్రులు చాలు.

ఆ ఊహలో చెడు కూడా ఉండాలి. పక్క బోటు ముందుకెళ్లిపోవడం, ఎదురుగాలి, తెడ్డు నీళ్లలో ఇరుక్కుపోవడం. ఒక్కోదానికి "అలా అయితే ఇలా" అని జవాబు రాసి పెట్టుకోవాలి. 2001లో ఒక జూనియర్ పోటీలో నేను ఇద్దరు నడిపే డబుల్‌లో బౌ సీట్లో, అంటే బోటు ముందు కొస వైపు సీట్లో ఉన్నాను. 900 దాటాక నా తెడ్డు ఇరుక్కుంది. రోయర్లు క్రాబ్ అంటారు. పిడి వచ్చి పొట్టలో గుచ్చుకుంది, బోటు ఆగినంత పనైంది. తెడ్డు బయటికి తీయడానికి మూడు సెకన్లు పట్టి ఉంటుంది. కానీ తర్వాత ఇరవై స్ట్రోకుల పాటు నేను రేసులో లేను. అయ్యో, ఇలా చేశానేంటి, వీడు నన్ను ఏమనుకుంటాడు, ఇంట్లో ఏం చెప్పాలి, ఇదే ధ్యాస. ఆ ఇరవై స్ట్రోకులే మమ్మల్ని ఫైనల్‌కు దూరం చేశాయి. అలా అయితే ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఆలోచించలేదు. ఇప్పుడు మా పిల్లలకు జవాబు కంఠతా వచ్చు. తెడ్డు తీయి, మూడు పొట్టి స్ట్రోకులు, "తొక్కు" దగ్గర్నుంచి మళ్లీ లెక్క.

ఓడిన మర్నాడు ఎలా ఉండాలన్నది కూడా నేర్పాల్సిన విషయమే. చాలా రోయింగ్ పోటీల్లో హీట్ (తొలి రౌండు), రెపెచాజ్ (అందులో వెనకబడ్డవాళ్లకు రెండో అవకాశం), సెమీ, ఫైనల్ అంటూ వరసగా రోజులు నడుస్తాయి కాబట్టి ఇది చాలా అవసరం. దీనికి నేను ప్రతి బ్యాచ్‌కూ దత్తు భోకనల్ సంగతి చెప్తాను. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా, కరువు ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. 2012లో ఆర్మీలో చేరాకే తెడ్డు పట్టాడు, 2016 రియో ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానం తెచ్చుకున్నాడు. 2018 ఆసియా క్రీడల్లో, పాలెంబాంగ్‌లో, ఆగస్టు 23న సింగిల్ స్కల్స్ ఫైనల్‌లో అతను ఆరో స్థానంలో, అంటే ఆఖర్న వచ్చాడు. ఆ రోజు మన రోయర్లకు ఒక్క పతకం రాలేదు. మర్నాడు ఉదయం అదే దత్తు, సవర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి క్వాడ్‌లో (నలుగురు నడిపే బోటులో) కూర్చుని స్వర్ణం గెలిచాడు. 2010లో గ్వాంగ్‌జౌలో బజరంగ్ లాల్ తాఖర్ తెచ్చిన దాని తర్వాత రోయింగ్‌లో మనకు అది రెండో ఆసియా స్వర్ణం. ఆ రాత్రి వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కానీ నిన్నటి ఓటమిని మోసుకుంటూ క్వాడ్‌లో కూర్చున్న మనిషి మిగతా ముగ్గురితో లయ కలపలేడు, అది మాత్రం తెలుసు. మీ అమ్మాయికి హీట్‌లో దెబ్బ తగిలితే ఆ సాయంత్రం ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయమనండి. ఏది బాగా జరిగింది, రేపు ఏ ఒక్కటి మారుస్తాను. రాసి మడిచి సంచిలో పెట్టేయాలి. ఆ తర్వాత ఆ రేసు గురించి మాట లేదు, వీడియో లేదు.

మీ వంతుగా చేయాల్సింది కూడా ఉంది. ఆమె గట్టెక్కగానే "ఎన్నో ప్లేసు" అనో "ఆ అమ్మాయి ఎంత తీసింది" అనో అడగకండి. "ఏమైనా తిన్నావా" అని అడగండి. ఇంటికి వెళ్లే దారిలో ఆమె మొదలుపెడితే తప్ప రేసు మాట ఎత్తకండి. ఇంటర్ చదువు, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కోచింగ్ గొడవ రేసు వారంలో వద్దు. తెల్లవారుజామున ప్రాక్టీసుకు లేచే పిల్ల రాత్రి పదకొండు దాకా ఫోన్ చూస్తే ఏ మానసిక శిక్షణా నిలవదు. ఎనిమిది గంటల నిద్ర ఉండాలి.

బరువు గురించి ఎవరైనా ఆమెతో వెటకారంగా మాట్లాడుతుంటే, కోచ్ అయినా సరే, గట్టిగా అడ్డుపడండి. లైట్ వెయిట్‌లోకి (బరువు పరిమితి ఉన్న విభాగంలోకి) వెళ్లాలని అన్నం మానేసే అమ్మాయిలను చూశాను. జూనియర్ ప్రపంచ పోటీల్లో ఆ విభాగమే లేదు, పారిస్ 2024 తర్వాత ఒలింపిక్స్ నుంచి కూడా తీసేశారు. ఎదిగే వయసులో కడుపు మాడ్చుకున్న పిల్లకు చిరాకు, నిస్పృహ వస్తాయి, వాటిని మనం మళ్లీ టెన్షన్ ఖాతాలో వేస్తాం.

రేసు ముందు రెండు రోజులు నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి తగ్గినా, ఇష్టంగా వెళ్లే పిల్ల నీళ్ల దగ్గరికే రానంటున్నా, ఊరికే ఏడుస్తున్నా అది నాలాంటి కోచ్ చేతిలో పని కాదు. సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు. అలా వెళ్లినంత మాత్రాన రోయింగ్ వదిలేయాల్సిన పని లేదు.

తొమ్మిది వారాలకు లెక్క ఇలా వేసుకోండి. మొదటి వారం స్ప్లిట్లు చూడటం, ఈత సంగతి తేల్చడం, మాటలు ఎంచుకోవడం. తర్వాత మూడు వారాలు ఎర్గ్ మీద టవల్, రాత్రిళ్లు స్టాప్‌వాచ్. అయిదో వారం నుంచి నీళ్ల మీద, వారానికి ఒకసారి పక్కన ఇంకో బోటు పెట్టి, కావాలనే ఆమెను రెండు బోట్ల వెనక నుంచి మొదలుపెట్టించి 1000 మీటర్లు. వెనక ఉండి కూడా తన లెక్క తాను చేసుకోవడం అక్కడ నేర్చుకుంటుంది. ఎనిమిదో వారంలో ఒక ఉత్తుత్తి రేసు పెట్టమనండి, యూనిఫాం, లేన్ నంబరు, రెండు నిమిషాల పిలుపుతో సహా. ఆఖరి వారం కొత్తది ఏదీ పెట్టకండి.

ఎంపిక రోజు ఉదయం ఆమెకు అలవాటైన టిఫినే పెట్టండి, హోటల్ ప్రయోగాలు వద్దు. బోటు నీళ్లలోకి దించేముందు ముంజేతి మీద పెన్నుతో తన మూడు మాటలు తనే రాసుకోనివ్వండి. మీరు 1200 మీటర్ల దగ్గర గట్టు మీద నిలబడగలిగితే అక్కడే నిలబడండి. ముగింపు దగ్గర కేకలు వేయడానికి చాలామంది ఉంటారు. ఆమె మీ ముందు నుంచి వెళ్లేటప్పుడు స్థానం చెప్పకండి, ఇంకా గట్టిగా అని అరవకండి. ఆ చోట ఆమె రెండో ఇరవైలో ఉంటుంది. "పట్టు" అని ఒక్కసారి అనండి, చాలు.